మొన తీసిన చాకు

మా ఇంట్లో సానరాయిని ఇప్పుడు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నాం. తెలంగాణ వచ్చేనాటికే మా వీధిలో అందరి జేబుల్లోకీ కట్టర్లు వచ్చేశాయి. మొద్దుబారితే ముక్క విరిచి పారేయడమే. కానీ అంతకు అయిదేళ్ల ముందే మా బాపు ఆ రాయిని ముట్టడం మానేశాడు.

బాపు పేరు జ్ఞానయ్య. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు బొగ్గు మోసే బెల్టు మీద పనిచేసి రిటైరయ్యాడు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసకంతా మడత చాకులు నూరేది ఆయనే. తెచ్చినవాళ్లు చాకును అరుగు మీద పెట్టాలి, ఆయన తీసుకోవాలి. చేతి నుంచి చేతికి అందిస్తే పగ పుడుతుందట. ఆదివారం ప్రార్థన తప్పని మనిషివి, ఇదెట్లా నమ్ముతావని ఎగతాళి చేసేదాన్ని.

"బైబిల్ల లేదు గని బాయిల ఉన్నది బిడ్డా" అనేవాడు.

ముందు మడత సందులోని బొగ్గుపొడిని కిరసనాయిలుతో కడిగేవాడు. తడి రాయి మీద చాకును వాల్చి, ఒక పక్క ఎన్నిసార్లు లాగితే రెండో పక్కా అన్నిసార్లే లాగేవాడు. పాత తోలు మీద రుద్ది, మడత దగ్గర చుక్క నూనె వేసేవాడు. చాకు చూస్తే మనిషి కడుపులో ఏముందో తెలుస్తుందని ఆయన గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది.

రెండువేల తొమ్మిది మే నెల. మాడు పగిలే ఎండలో పక్కింటి లింగమూర్తి రెండో షిఫ్టుకు పోతూ వచ్చి, చాకు అరుగు మీద పెట్టాడు. అతనిదీ బెల్టు మీదే పని.

"కాకా, జర మొన పెట్టు. సూది లెక్క ఉండాలె."

"బాయిల పని అంచుతోని గదరా. మొన ఎందుకు?"

"అడగకు కాకా. డ్యూటీకి పొయ్యేటప్పుడు చెప్పే ముచ్చట కాదు."

బాపు ముఖం మాడిపోయింది. రెండు రోజుల కిందటే, తన చెల్లెలు మల్లక్కను ఆమె మొగుడు ఎల్లేశం కొట్టాడని, "వాన్ని బతుకనియ్య" అని లింగమూర్తి వీధంతా వినేలా అరిచాడు. బాపు చాకు తీసుకుని లోపలికి వచ్చాడు. ఆకురాయితో మొనను అరగదీసి గుండ్రం చేశాడు.

"నా చేతుల మీదికెల్లి ఒకని పానం పోవద్దు" అన్నాడు.

"మంచి పని చేసినవ్ బాపు" అన్నాను. తెలివైనదాన్ని కదా, టీచర్ని.

మడిచిన చాకును బాపు అరుగు మీద పెట్టాడు. లింగమూర్తి తెరిచి చూడకుండానే జేబులో వేసుకుని పోయాడు. బాపు నూరినదాన్ని ఎవరూ చూసుకోరు.

దీపాలు పెట్టే వేళకు అంబులెన్సు కూత వినిపించింది. దవాఖాన వరండాలో, అతనితో పనిచేసే బుచ్చన్న మాకు చెప్పాడు. లింగమూర్తి చేతికి చుట్టుకున్న తువ్వాల బెల్టు రోలరులో చిక్కి కుడిచేతిని లోపలికి లాక్కుపోయింది. ఎడమచేత్తో చాకు తీసి, పళ్లతో తెరిచి, తువ్వాలను మూడుసార్లు పొడిచాడట. జారిపోయిందట.

"పోయినవారం ఇంకొకాయనకు గిట్లనే అయింది. బిగిసిన బట్ట మీద అంచు ఆగదు కాకా, మొన దిగాలె. అందుకే నేను నా చాకు మొన బండ మీద రాసుకున్న. లింగన్న మాత్రం కాకనే నూరాలె అన్నడు."

"నాకు చెప్పకపాయె..."

"బాయిల దిగేటోడు దెబ్బ తాకే మాట నోట్లెకెల్లి తీస్తడా? నోటితోని అంటే అట్లనే అయితదని నీకు తెల్వదా?"

తెలుసు. ముప్పై ఏళ్లు ఆయనా అట్లాగే నోరు కట్టుకుని దిగాడు. ఆ సంగతే మరిచిపోయాడు.

మూడోనాడు లింగమూర్తి మంచం పక్కన నిలబడ్డాం. కుడిచెయ్యి మణికట్టు దాకా లేదు.

"మొన నేనే తీసిన బిడ్డా. నువ్వు ఎల్లేశాన్ని పొడుస్తవనుకున్న" అన్నాడు బాపు.

లింగమూర్తి తలగడ కింద నుంచి ఎడమచేత్తో చాకు తీశాడు. మంచం మీద పెడతాడని బాపు వంగి ఎదురుచూశాడు.

అతను పెట్టలేదు. చాకుతోనే చెయ్యి చాపాడు.

"చేతికే పట్టు కాకా" అన్నాడు.

బాపు పట్టుకున్నాడు.