నాలుగు చిల్లుల నాణెం

మా బావ గురించి ఊళ్లో మూడు తప్పుడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఆయనకు మతి చలించిందని ఒకటి. పన్ను ఎగ్గొట్టడానికి సొంతంగా దేశం పెట్టుకున్నాడని మరొకటి. దొంగనోట్లు అచ్చు వేశాడని ఇంకొకటి. మేజిస్ట్రేటుగా ముప్పై ఏళ్లు సాక్ష్యాలు తూచినవాడిగా చెబుతున్నాను: ఆయన మతి నా మతికంటే నిలకడగా ఉండేది. ఆ దేశంలో పన్ను ఎగ్గొట్టేంత ఆదాయం ఎవరికీ లేదు. ఇక ఆ నోట్లు చూసి మోసపోవాలంటే కళ్లూ ఉండకూడదు, చదువూ ఉండకూడదు. 'ఇది డబ్బు కాదు, అభిమానంతో పుచ్చుకోగలరు' అని వాటిమీదే అచ్చయి ఉండేది.

నిజానికి ఆయనకున్న జబ్బు ఒక్కటే. కంటబడిన ప్రతి వస్తువునూ జాతీయ చిహ్నంగా ప్రకటించేవాడు.

బావ సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాడు. మా ఊరు తూర్పు మున్సిపాలిటీ కింద సగం, పడమటి మున్సిపాలిటీ కింద సగం ఉంటుంది. రెంటి నడుమ తొమ్మిదడుగుల వెడల్పున ఒక పట్టీ ఏ పటంలోనూ లేదు. ఆ పట్టీలో ఒక గది, గదిలో ఒక కుట్టుమిషను, మిషను వెనక ఒక టైలరమ్మ. ఒక ఉదయం బావ ఆ గుమ్మంలో మడతకుర్చీ వేసుకొని, అది నేటినుంచి స్వతంత్ర దేశమని ప్రకటించాడు. ఆయన రాష్ట్రపతి. తతిమ్మా ప్రజానీకమంతా టైలరమ్మే.

జాతీయ పతాకం బట్టల కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలతో కుట్టినది. బట్టలు కుట్టించుకున్న ఒకాయన వచ్చి, తన ప్యాంటు గుడ్డ మిగులు తనకిచ్చేయమని పట్టుబట్టగా, పతాకానికి ఒక మూల శాశ్వతంగా పోయింది. జాతీయ గీతం కుట్టుమిషను చప్పుడు. అది మోగినంతసేపూ లేచి నిలబడాలి. బడులు తెరిచే నెలలో యూనిఫాంల పని పడి రాష్ట్రపతికి మోకాళ్లు వాచాయి. జాతీయ జంతువు గుడ్డల బుట్టలో పడుకునే పిల్లి. అది తూర్పు మున్సిపాలిటీ గోడ పక్కన ఈనితే, పిల్లల పౌరసత్వం తేలేదాకా బావ వారం రోజులు సరిగా నిద్రపోలేదు.

ద్రవ్యం పేరు గుండీ. నాలుగు చిల్లులది నాణెం, రెండు చిల్లులది చిల్లర. ఖజానా ఒక బిస్కట్ల డబ్బా. ఎవరు నాణెం తెచ్చినా దాన్ని వారి చొక్కాకు కుట్టి ఇవ్వడమే ప్రభుత్వ హామీ. ఇంత నమ్మకమైన కరెన్సీని నేను మళ్లీ చూడలేదు. అయితే ఆ నాణేలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో మా అక్క ముందుగా పసిగట్టింది.

"తమ్ముడూ, మీ బావ చొక్కాకి మెడ దగ్గర ఒకటి, పొట్ట దగ్గర ఒకటి మిగిలాయిరా. అడిగితే దేశం కోసం అంటున్నారు" అని మొరపెట్టుకుంది. బావను మందలించడానికి వెళ్లి, తిరిగొచ్చి చూసుకుంటే నా కోటుకూ రెండు లేవు.

ఇవన్నీ నవ్వుకోదగినవే. కానీ టైలరమ్మ కష్టం నవ్వులాట కాదు. రోడ్డు వెడల్పు కోసం ఆ వరస గదులు పడగొట్టబోతున్నారు. పటంలో ఉన్నవారికి కొత్త మార్కెట్టులో గది ఇస్తారు. ఆమె పటంలో లేదు. తూర్పువారిని అడిగితే పడమటికి పొమ్మన్నారు, పడమటివారు తూర్పుకు పొమ్మన్నారు. ఆరేళ్లలో పదకొండు అర్జీలు పెడితే ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి నా దగ్గరకు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా అక్కడ ఉంటున్నట్టు ప్రభుత్వం రాసిన కాగితం ఒక్కటైనా ఉందా అని అడిగాను. లేదంది. ఆధారం లేనిదే ఎవరూ ఏమీ చేయలేరని చెప్పి పంపేశాను. అప్పుడు బావ పక్కనే కూర్చుని, గుండీల్లేని చొక్కాను చేత్తో దగ్గరకు పట్టుకొని విన్నాడు.

గది కూలే గడువు నెలరోజులకు వచ్చినా ఆయన ఆటలు మానలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఆవిడ వీధిన పడబోతుంటే నీకీ పిల్లి వేషాలేమిటి బావా?"

"ఉండవోయ్ జడ్జీ. జాతీయ పక్షి ఇంకా ఖరారు కాలేదు" అన్నాడు.

ఆ వారమే నోట్లు అచ్చు వేయించాడు. కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద పిల్లి బొమ్మ, కింద రాష్ట్రపతి సంతకం. అందులో ఒకటి జిల్లా అధికారికి రిజిస్టర్డు పోస్టులో పంపి, ఉభయ దేశాల మధ్య మారకపు రేటు నిర్ణయించవలసిందిగా కోరాడు.

పదకొండు అర్జీలకు కదలని ప్రభుత్వం పిల్లి బొమ్మకు నాలుగు రోజుల్లో కదిలింది. ఇనస్పెక్టరు టేపుతో దిగి, గది పొడవూ వెడల్పూ కొలిచి, ఇరుగుపొరుగు వారిని విచారించి పంచనామా రాశాడు. ఆ వెనకే టైలరమ్మ పేరిట, బావ పేరిట నోటీసులు వచ్చాయి.

విచారణకు నేనూ వెళ్లాను, జామీను అవసరం పడవచ్చునని. జిల్లా అధికారి నోటీసు చదివాడు: 'ఉభయ మున్సిపాలిటీల నడుమ తొమ్మిదడుగుల స్థలంలో, ఇరవై రెండు సంవత్సరాలుగా టైలరు దుకాణం నడుపుతున్న సదరు మహిళ నివాసమందు...'

"ఒక్క నిమిషం బాబూ," అన్నాడు బావ. "అలాంటి స్థలం ఉందంటారా?"

"మా ఇనస్పెక్టరు కొలిచి వచ్చాడండీ."

"ఆవిడ అన్నేళ్లుగా అక్కడే ఉందంటారా?"

"పంచనామాలో ఉంది కదా."

"అయితే సీలు వేసిన నకలు ఒకటి ఇప్పించండి. మా దేశం ఇప్పుడే రద్దు."

అధికారికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. నాకు అంతకంటే ఎక్కువ పట్టింది.

ఆ పట్టీ అసలెలా మిగిలిందని అధికారి అడిగాడు. బావ సంచిలోంచి పాత కొలతల పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. నలభై ఏళ్లనాటి సరిహద్దు సర్వే. అడుగున సంతకం ఆయనదే.

"వాడి వాడి నేల కొలిచే గొలుసు సాగిపోయింది. సాగిన గొలుసుతో కొలిస్తే నేల కాగితం మీద తగ్గిపోతుంది. గొలుసు సరిచూసుకోవలసినవాణ్ణి నేనే, చూసుకోలేదు. ఆ తప్పులో ఆ అమ్మాయి ఇల్లు కట్టుకుంది" అన్నాడు. ఆ మాట రాసుకోమని కూడా అడిగాడు.

బయటికొచ్చాక, నాకు ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను.

"ప్రభుత్వం రాసిన కాగితం కావాలన్నది నువ్వేగా. రాయించాను."

నోట్లు జప్తు చేసి, హెచ్చరించి వదిలేశారు. టైలరమ్మకు కొత్త మార్కెట్టులో గది వచ్చింది. పిల్లి కూడా వలస వెళ్లింది. అక్కడ మిషను మోగినప్పుడల్లా బావ ఇప్పటికీ లేచి నిలబడతాడు, మోకాళ్లకు మంచిదంటాడు.

కాబట్టి నా తీర్పు ఇది. ఆయన ఒకసారి తప్పుగా కొలిచాడు. నలభై ఏళ్ల తరువాత, నవ్వులపాలై, ఆ కొలత సరిచేశాడు. ఆయన చేసింది ఇంతే. ప్రచారంలో ఉన్న మూడు అభియోగాల్లోనూ నిర్దోషి. నా కోటు గుండీల విషయంలో మాత్రం దోషి.