నడిమి సీటు లేని బండి

ఆ రోజుల్లో మా ప్రాంతంలో బండిని చూసి మనిషి స్థాయిని అంచనా వేసేవాళ్లు. మనిషిని చూసి ఆ బండికి ఎంత దూరంలో నిలబడాలో తేల్చుకునేవాళ్లు. ఫ్యాక్షన్ వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు, పైగా ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. నేనేమో ప్రొద్దుటూరులో ఖరీదైన బండ్ల షోరూములో కొత్తగా చేరి, మెడకు టై బిగించుకుని, ప్రపంచమంతా నాకే తెలుసన్నట్టు తిరుగుతున్నాను. (ఆ టై కట్టడం చాపాడు మిషన్ బడిలో టీచరైన మా నాయన నేర్పించాడు. విప్పడం నేర్పలేదు కాబట్టి తల మీదుగా లాగేసేవాణ్ణి.) కంపెనీ కొత్త రూపమిచ్చి పంపిన పెద్ద బండి ఒకటి షోరూములో చాలాకాలంగా అమ్ముడుపోకుండా ఉంది. "అది పోతే నువ్వుంటావు. అది ఉంటే నువ్వు పోతావు" అన్నాడు మా ఓనరు, చాలా ప్రేమగా.

అప్పుడొచ్చాడు జమ్మలమడుగు వైపు నుంచి ఒక పెద్దాయన, ఊరికీ పార్టీకీ పెద్ద. వెంట భార్య, అటూ ఇటూ ఇద్దరు మీసాల మనుషులు. నేను ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాను. సన్నబడిన లైట్లు, వెడల్పయిన ముందు గ్రిల్లు, మీట నొక్కితే తెరుచుకునే పైకప్పు. ఆయన పైకప్పు వంక చూసి, "దాన్ని మూసెయ్ అప్పా" అన్నాడు. సరే, నా అసలు ఆయుధం తీశాను. "సార్, పాత మోడల్లో నడిమి వరసలో ముగ్గురు ఇరుక్కునే సీటుండేది. తీసేశారు! ఇప్పుడు రెండు మహారాజా కుర్చీలు, మధ్యలో ఖాళీ."

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఇరవై ఏళ్లుగా ఆయన కూర్చునేది ఆ నడిమి సీట్లోనే. కుడిపక్క ఒక మీసం, ఎడమపక్క ఒక మీసం; ఎటునుంచి ఏమొచ్చినా ముందు వాళ్లకు తగలాలి.

"అయితే నేను యాడ కూసోవాలప్పా?" అన్నాడు పెద్దాయన.

"ఆ ఖాళీలో చిన్న పీట వేసుకుంటే..." అన్నాను. కుడి మీసం చెయ్యి నడుం దగ్గరికి పోయింది. నేను రెండడుగులు వెనక్కేశాను. (బీడీ కట్ట కోసమట.)

అప్పుడు పెద్దాయన భార్య చీర కుచ్చిళ్లు సర్దుకుని బండెక్కి, ఒక కుర్చీలో కూర్చుంది. "పెండ్లయినకాడి నుంచి నీ పక్కన వీళ్లే కూసుంటాండారు. నేను ఎనక బండిలో దుమ్ము తింటా వస్తాండా. పులివెందులకు మా యన్న ఇంటికి పోయినా ఇదే కత. ఈ బండే తీసుకో. ఈ కుర్చీ నాది."

"పిచ్చి పట్టిందా ఏంది? ఏమన్నా అయితే నీకు తగల్తాది!"

"తగలనీలే. నీకేమైతాదో అని ఎనక నుంచి చూస్తా వచ్చేదానికంటే అదే మేలు."

పెద్దాయన బండెక్కి రెండో కుర్చీలో కూర్చున్నాడు. మీసాలిద్దరూ, "ఎంతో విశాలం" అని నేను అప్పుడే పొగిడిన వెనక వరసలోకి దూరారు. మోకాళ్లు గడ్డాలకు తగిలాయి.

బండి పోయింది, నేను మిగిలాను. బండి షోరూము దాటే ముందు పెద్దాయన నన్ను సైగ చేసి పిలిచి, గొంతు తగ్గించి, "ఈ కుర్చీ రోంత, ఒక్క జానెడు, ఆ పక్కకు జరుగుతాదా?" అని అడిగాడు.

"జరగదు సార్! ముందుకూ వెనక్కూ మాత్రమే! మధ్యలో ఆ ఖాళీయే దీని గొప్పతనం!" అని అందరికీ వినపడేలా చెప్పాను.

"మెల్లగ చెప్పప్పా" అని విసుక్కుని అద్దం ఎక్కించుకున్నాడు. అవతలి కుర్చీలో ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఎందుకు నవ్విందో నాకు పెళ్లయ్యాక గానీ బుర్రకెక్కలేదు. ఆలోపు ఆ ఖాళీని పొగిడి పొగిడి ఎంతమంది మొగుడూ పెళ్లాలకు అంటగట్టానో, పాపం.