గీతం లేని సూపర్‌వైజరు

మా ఆయన పత్తి డిపోలో సూపర్‌వైజరుగా ఉన్న నాలుగేళ్లూ జనం నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "మీవారికి జీతమెంత?" అనేవారు ముందు. నేను చెప్పేదాన్ని. ఆ అంకె వాళ్ల చెవికి ఎక్కేది కాదు. కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి, "అది సరేలేమ్మా, గీతమెంత?" అనేవారు.

జీతం యజమాని ఇచ్చేది. గీతం మనం తీసుకునేది. ఎనభైల్లో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రెండోదాన్ని దొంగతనం అని ఎవరూ అనేవాళ్లు కాదు, తెలివి అనేవాళ్లు. పిల్లనిచ్చేటప్పుడు దాన్నే ఆరా తీసేవాళ్లు. అప్పిచ్చేటప్పుడు దాన్నే చూసేవాళ్లు. ఉత్త జీతంతో బతుకుతున్నామని చెప్తే, ఇంట్లో ఎవరికో బాగాలేదని విన్నట్టు అయ్యో అనేవాళ్లు. ఆ అయ్యో వింటే నాకు అప్పుడూ ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది.

పత్తి డిపోలో గీతానికి మచ్చు అని పేరు. రైతు బోరేల్లో, అంటే పెద్ద గోనెసంచుల్లో, పత్తి తొక్కించుకుని బండి మీద వేసుకొస్తాడు. కాటా వేసే ముందు ఒక్కో బోరెంలోకీ చెయ్యి పెట్టి, నాణ్యం చూడటానికని దోసెడు పత్తి పైకి లాగుతారు. అదే మచ్చు. చూశాక దాన్ని తిరిగి బోరెంలో పెట్టాలని ఎవరికీ తోచదు, పక్కన పడేస్తారు. పొద్దుగూకేసరికి అది ఒక గుట్ట అవుతుంది. అందులో కాటా కూలీలకు కొంత, గుమస్తాకు కొంత, మిగతాదంతా సూపర్‌వైజరుది. దాన్ని మళ్లీ అక్కడే, డిపో యజమాని అయిన షావుకారుకే అమ్ముకోవచ్చు. రైతు అక్కడే నిలబడి తన పత్తి గుట్ట కావడం చూస్తూ ఉంటాడు. ఏమన్నా అంటే పత్తిలో నిమ్ముందని ధర కోస్తారని అతనికి తెలుసు.

మా ఆయన మచ్చు చూసి తిరిగి బోరెంలో కుక్కేవారు. ఆయన చేసిన ఘనకార్యం అంతే. దానిమీద ఉపన్యాసాలేమీ ఇచ్చేవారు కాదు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, "వాళ్లదిగదా" అన్నారు. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కూలీలు మాత్రం, "మా నోట్లో మట్టి కొట్టడానికొచ్చాడ్రా ఈ భక్తుడు" అని ఆయన ముందే అనేవాళ్లు. రైతులు దండాలు పెట్టి మెచ్చుకున్నారేమో అనుకుంటారు మీరు. అదీ లేదు. ఈయనేదో ఇంకా పెద్ద మోసం చేస్తున్నాడని కాటా దగ్గర ఒకటికి రెండుసార్లు ముల్లు చూసుకునేవాళ్లు.

ఆయన జీతం నాలుగు వందలు. నేను మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. సర్కారు ఎయిడ్ లేని పోస్టు. వాళ్లిచ్చేది నా చీరల చాకలి ఖర్చుకే సరిపోయేదంటే అతిశయోక్తే గానీ, పెద్ద అతిశయోక్తి కాదు. ఆ డబ్బుతోనే సర్దుకునేవాళ్లం, ఊరు సర్దుకోనిస్తే. ఊరు మా జీతాన్ని చూసేది కాదు, మా గీతాన్ని ఊహించుకుని దానికి తగ్గ ధర కట్టేది.

మేము అద్దెకున్న ఇంటావిడ, పక్క వాటాలో ఉన్న హైస్కూలు మాస్టారి దగ్గర తీసుకునే అద్దె కంటే మా దగ్గర ఎక్కువ తీసుకునేది. రెండూ ఒకే కొలత గదులు. పైగా మా దాంట్లో వాన పడితే వంటింట్లో కురిసేది. ఇదేం న్యాయమమ్మా అంటే, "డిపో సూపర్‌వైజరుగారు గదమ్మా, మీకిదో లెక్కా?" అని నవ్వేది. ఆ నవ్వులో మర్యాద కూడా ఉండేది, అది నాకు ఇంకా అసహ్యం. మా చర్చిలో కోతల పండుగ వచ్చిందంటే సంఘపెద్దలు మా వరుస వైపే చూసేవాళ్లు. జనం తెచ్చి ఇచ్చిన కాయాకూరా, కోడీ గుడ్డూ ఆవరణలో వేలం వేస్తారు. ఒక ఏడాది గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని, మా ఆయన నోరు తెరవకముందే, "మన డిపో సూపర్‌వైజరుగారి పాట!" అని అరిచి, వాళ్లే ఒక ధర చెప్పి, వాళ్లే చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచుకుని డబ్బు కట్టారు. ఆ గుమ్మడికాయను నేను వారం రోజులు వండాను, ప్రతి రోజూ సంఘాన్ని తిట్టుకుంటూ.

అలా మేము తినని దానికి అందరికీ పన్ను కట్టుకుంటూ వచ్చాం. రెండో బిడ్డ కడుపులో పడ్డాక ఇక సాగలేదు. ఒక రోజు పొద్దున కాఫీ తాగుతూ మా ఆయన, గ్లాసులోకి చూస్తూ, "అందరూ తీసుకునేదేగా" అన్నారు. దేని గురించో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఆయన నోట ఆ మాట అంతకుముందెప్పుడూ వినలేదు నేను. నాకు భయం వేసింది. షావుకారు జీతం పెంచితే ఈయన ఇలాగే ఉంటారు, పెంచకపోతే రేపో మాపో దోసెడు పత్తి పక్కన పడేస్తారు, ఆ తర్వాత ఇక ఆగేదేమీ ఉండదు. ఎక్కడో ఎవరో చెడిపోతే నాకేం పట్టదు. మా ఇంట్లో మనిషి, అదీ వేరే గతిలేక చెడిపోవడం నేను ఒప్పుకోదలచుకోలేదు.

"జీతం పెంచమని అడగండి" అన్నాను.

"ఎవరూ అడగరు."

"వాళ్లకు అవసరం లేదు గనుక అడగరు. మనకుంది. నేనూ వస్తాను."

ఆయన ఒక్కరే వెళ్తే షావుకారు క్షేమసమాచారాలు కనుక్కుని తిరిగొస్తారని నాకు తెలుసు.

షావుకారు ఇల్లు డిపో వెనకే. వరండాలో మడతకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనేవాళ్లు కాదు. కూలీ చేతికి దెబ్బ తగిలితే కట్టు కట్టించేవాడు, క్రిస్మస్‌కు మాకు మిఠాయి పొట్లం పంపేవాడు. పెళ్లాన్ని వెంటబెట్టుకొచ్చిన సూపర్‌వైజరును చూసి పేపరు పక్కన పెట్టి, "ఏందయ్యా, జంటగా వచ్చారు? మీ గుడికి చందానా?" అన్నాడు.

"కాదండీ. జీతం గురించండీ" అన్నారు మా ఆయన.

"జీతమా? ఒకటో తారీఖునే ఇచ్చాడుగా గుమస్తా!"

"ఇచ్చారండీ. అది చాలట్లేదండీ. ఏడొందలు చేస్తే..."

షావుకారుకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నేను అతన్ని కాస్త గౌరవించేదాన్నేమో. అతనికి నిజంగా అర్థం కాలేదు. మా ఆయన ముఖంలోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు, మళ్లీ ఆయన వైపు తిరిగాడు.

"కాటా నీ చేతిలో పెట్టానుగదయ్యా!"

"కాటా మీదేగదండీ."

"అదే నేను చెప్పేది. నాది తీసుకొచ్చి నీ చేతిలో పెట్టా. ఇంకా జీతమేంది?"

ఇక నేను ఆగలేకపోయాను. "ఆయన మచ్చు తీసుకోరండీ. మేం బతికేది జీతం మీదే" అన్నాను.

"తీసుకోవద్దని నేను చెప్పానా అమ్మా?" అన్నాడు షావుకారు, ఎంతో మెత్తగా. "ఏరోజన్నా చెప్పానా? తీసుకోకపోవడం ఆయన ఇష్టం. ఆయన ఇష్టానికి నేను డబ్బులియ్యాలా?"

రైతు దగ్గర కొట్టుకొచ్చి తినమని, తినకపోతే పస్తుండమని, ఇంత మర్యాదగా చెప్పవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

షావుకారు లేచి లోపలికి వెళ్లబోతూ ఆగి, మా ఆయనతో ఇంకో మాట కూడా అన్నాడు. "తినేవాడంటే నాకు భయం లేదయ్యా. ఎంత తింటాడో నాకు తెలుసు. అసలేమీ తిననోడు ఏం చేస్తాడో ఎట్టా తెలుసుద్ది? ఆలోచించుకో."

ఆయన ఆలోచించుకునే లోపే షావుకారు ఆలోచించేశాడు. తర్వాతి వారంలో ఒక రోజు మా ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చి చెప్పులు గుమ్మం పక్కన జాగ్రత్తగా పెట్టి, "నా చోట ఇంకొకాయన్ని పెట్టారు" అన్నారు.

"అతనికి జీతమెంతట?"

"జీతం వద్దన్నాడంట."

నాకు నవ్వొచ్చింది. కడుపుతో ఉన్న దాన్ని, ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది, అయినా పొట్ట పట్టుకుని నవ్వాను. అంత నికార్సైన బేరం మా ప్రాంతంలో అంతకుముందు జరగలేదేమో. కాటా ఇస్తే చాలు, ఉత్త పుణ్యానికి పని చేస్తానన్నాడు ఆ మహానుభావుడు. పైగా షావుకారుకే ఎదురు కొంత అడ్వాన్సు కట్టాడని తర్వాత తెలిసింది. ఏడొందలు అడిగిన మా ఆయన ఆ వరండాలో ఎంత వెర్రివాడిలా కనిపించి ఉంటారో అప్పుడు అర్థమైంది నాకు.

ఊళ్లో మాత్రం కథ వేరేగా నడిచింది. తిన్నది చాలక మా ఆయన షావుకారుకే టోపీ పెట్టబోయి దొరికిపోయాడన్నారు. ఇలా అనుకున్నాక జనం మమ్మల్ని వెలివేశారనుకునేరు. ముందుకంటే ఎక్కువ ప్రేమగా పలకరించారు! ఇంతకాలం మా ఆయన వాళ్లకు అంతుపట్టని మనిషి. ఇప్పుడు తమలాంటివాడే అయ్యాడు. ఇంటావిడ స్వయంగా వచ్చి, "పోనీలేమ్మా, నాలుగేళ్లు తిన్నారుగా, ఏదన్నా వెనకేసుంటారు" అని నా భుజం నిమిరింది. అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. నేను ఒక్కొక్కరి దగ్గరా గొంతు చించుకుని జరిగింది చెప్పాను. అందరూ ఓపిగ్గా విన్నారు. మొగుణ్ని వెనకేసుకొచ్చే ఇల్లాలని మెచ్చుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ, "శోధనలో పడి తొట్రిల్లిన మా సహోదరుణ్ని క్షమించు ప్రభువా, అతని కుటుంబాన్ని పోషించు" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పకపోయినా కళ్లు మూసుకున్న జనమంతా మా వైపు చూసినట్టే అనిపించింది. సంఘమంతా ఆమేన్ అంది. నేను అనలేదు. చెయ్యని తప్పుకు క్షమాపణ అడిగే హక్కు అయ్యగారికి ఎవరిచ్చారు? దేవుడికి తెలియని సంగతి చెప్తున్నట్టు ఆ గొంతులో దుఃఖం ఒకటి! పక్కనున్న మా ఆయన తల వంచుకుని ఉన్నారు. ఆయన పెదవులు కదిలాయో లేదో నేను చూడలేదు, చూడటం ఇష్టం లేక.

ఆరాధన అయ్యాక అయ్యగారు మమ్మల్ని ఆపి గేటు దగ్గరికి పక్కకు తీసుకెళ్లారు. మంచివార్త ఉందన్నారు. గుంటూరులో మిరపకాయలకు కొత్తగా కోల్డ్ స్టోరేజీ కట్టారట. దాని యజమాని అయ్యగారికి తెలుసట. సూపర్‌వైజరు కావాలన్నాడట. మా వాడొకడున్నాడని తనే మాటిచ్చి వచ్చారట. నేను ఆ ప్రార్థన సంగతి కూడా ఒక్క క్షణం మర్చిపోయాను. ఆ పూట మాకు అంత అవసరం.

"జీతం ఎంతిస్తారండీ?" అన్నారు మా ఆయన.

అయ్యగారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మూడొందలే అనుకో. కానీ రైతులు తెచ్చే మిరపకాయ బస్తాలన్నీ నీ చేతి కిందే ఉంటాయి తమ్ముడూ. నీకు చెప్పేదేముంది?"

పది నిమిషాల క్రితం ఏ తప్పును క్షమించమని దేవుణ్ని వేడుకున్నారో, ఆ తప్పే చేసుకుని బతకమని తన సొంత పలుకుబడితో ఉద్యోగం తెచ్చారు. రెండు పనులూ మనస్ఫూర్తిగానే చేశారు. ఆ ముఖంలో దయ తప్ప ఇంకేమీ లేదు. అంతమందిలో నేను అందరికంటే ఎక్కువగా ఏవగించుకున్నది ఆ దయనే.

నాకు ఆ పొద్దున్న కాఫీ గ్లాసులోకి చూస్తూ మా ఆయన అన్న మాటే చెవిలో ఉంది. సరేనంటే ఆయన్ని తప్పుపట్టే అధికారం నాకు లేదు. ఇంట్లో ఒకడు, కడుపులో ఒకరు. ఆయన ముఖం వైపు చూసే ధైర్యం లేక గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"ఏడొందలైతే చేస్తానండీ" అన్నారు మా ఆయన.

అయ్యగారి ముఖం వాడిపోయింది. ఒక ఆత్మ చేతిలోంచి జారిపోతున్నట్టు ఎంతో నొప్పిగా చూసి, "ఇంత జరిగాక కూడా ఇంకా ఆశ చావలేదా తమ్ముడూ?" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఆ ఒక్కసారి నాకంటే ముందు మా ఆయనే జవాబు చెప్పారు.

"చావలేదండీ" అన్నారు, షావుకారు ముందు నిలబడ్డంత వినయంగానే.

ఆ తర్వాత ఆయన్ని ఏ డిపోలోనూ పనిలో పెట్టుకోలేదు.