పిడికెడు బియ్యం, ఒక పేరు

పోయిన ఆదివారం మా చర్చి మందిరం వసారాలో బియ్యం సంచులు విప్పుతుంటే, ఒక సంచిలోంచి కొట్లో కొన్న కిలో ప్యాకెట్టు బయటపడింది. అంచు కూడా చింపలేదు, ధర చీటీ అట్లాగే ఉంది. తెచ్చింది ఈమధ్యే మా సంఘంలో చేరిన అమ్మాయి. విమానాశ్రయంలో ఉద్యోగం, ఎప్పుడు చూసినా ఉరుకులు పరుగులే. పక్కనున్న ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకూ నవ్వు రావాల్సింది, రాలేదు. రెండేళ్ల పాటు నేను చేసిందీ అదే. కాకపోతే ఇంటి బస్తాలోంచి తీసి గుడ్డసంచిలో పోసుకొచ్చే పాటి తెలివి నాకుండేది.

ఈ సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. మా ఇళ్లల్లో ఎసరు పెట్టి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుని వంతు. వారమంతా పూట పూటకూ పడిన ఆ బియ్యాన్ని ఆదివారం సంచిలో పోసి మందిరానికి తెస్తాం. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్లారాధన అయ్యాక అందరికీ అందులోంచే వండుతారు, మిగిలింది అవసరమున్న ఇళ్లకు పోతుంది. బుద్వేల్‌లో మా పుట్టింట్లోనూ ఈ అలవాటు ఉండేది. కానీ పిడికిలి పట్టినప్పుడు ఒక మనిషి పేరు తలచి, వాళ్ల కోసం ప్రార్థన చేసి అప్పుడు వదలాలన్నది మాత్రం, నేను కోడలిగా తొండుపల్లి వచ్చాక పెద్దమ్మ నేర్పింది. "ఊకెనే ఏస్తే ఎలుకలకేసినట్టే బిడ్డా. ఒక పేరు తీస్కో, గప్పుడు ఇడువు" అనేది.

పెద్దమ్మ వరసకు మాకెవరికీ ఏమీ కాదు, సంఘమంతటికీ పెద్దమ్మ. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆరాధన అయిపోగానే వసారాలో చాప పరుచుకుని, చేట ముందేసుకుని, ఎవరి సంచి వాళ్ల ముందే విప్పి రాళ్లు ఏరేది. ఏరుతూ ఏరుతూ ఆ ఇంటి వారం రోజుల కథంతా చెప్పేసేది. సంచి బరువుగా ఉంటే "చుట్టాలొచ్చిన్రా ఏంది?" తేలికగా ఉంటే "ఎవరికన్న జరమొచ్చిందా?" సన్నబియ్యంలో రేషన్ దొడ్డుబియ్యం కలిసి ఉంటే ఏమీ అడిగేది కాదు, ఆ ఇంటికి మాత్రం సాయంత్రం ఏదో వంకన వెళ్లొచ్చేది. ఒకసారి ఒకావిడ భర్తతో పోట్లాడి నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి వచ్చిన సంగతి ఊరికెవరికీ తెలియకుండా దాచుకుంటే, ఆమె సంచి చూసి పెద్దమ్మ ఒక్క చూపు చూసింది. ఆవిడ అక్కడే ఏడ్చేసింది. పెద్దమ్మ దగ్గర అబద్ధం చెప్పడం కష్టమని మా ఆడవాళ్లందరికీ తెలుసు. అట్లాంటిది నేను రెండేళ్లు నెట్టుకొచ్చాను, అది కూడా అబద్ధం చెబుతున్నానని నాకే తెలియకుండా.

విమానాశ్రయం వచ్చాక మా చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో హోటళ్లు లేచాయి. అందులో ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు లెక్క చూసే ఉద్యోగం దొరికింది నాకు. పొద్దున్నే డ్యూటీ బస్సు ఎక్కాలి కాబట్టి శంషాబాద్‌లో కిరాయి ఇంటికి మారాం. రెండు పూటల తిండి నాకు అక్కడే, ఇంట్లో పొయ్యి వెలిగేది సాయంత్రం ఒక్కసారి. అప్పటికి ఒళ్లు హూనమై, పిడికిలి సంగతి గుర్తుండేది కాదు. ఒక శనివారం చూస్తే డబ్బా అడుగున గింజలు కదులుతున్నాయి. సిగ్గేసి, బస్తాలోంచి నాలుగు గ్లాసులు కొలిచి సంచిలో పోశాను. ఈ ఒక్క వారానికే అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి శనివారం అదే పద్ధతయింది. నిజం చెప్పాలంటే సంచి మునుపటి కంటే నిండుగానే ఉండేది.

మిగతావీ అట్లాగే జారాయి. బైబిలు ఫోన్లోకి పోయింది, ప్రార్థన బస్సులోకి పోయింది. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాననే అనుకునేదాన్ని. ఒకరోజు పక్క సీటామె అడగనే అడిగింది: "అక్కా, మీ ప్రార్థనల గురక గిట్ల పెట్టాల్నా?" మా మందిరం మీదుగా విమానాలు దిగుతాయి. పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతూ మోత దాటిపోయే దాకా ఆగి, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటారు. మునుపు ఆ ఆగిన కాసేపూ ఆయన అన్న మాటే నా లోపల తిరిగేది. తర్వాత ఆ సందులో ఫోను చూసుకోవడం అలవాటైంది. అప్పుడెవరైనా నీకు భక్తి తగ్గిందంటే కొట్టేదాన్నేమో. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే అందరికన్నా ముందు లేచేది నేనే కదా!

ఆ రోజుల్లోనే పెద్దమ్మ కళ్లలో పొర వచ్చింది. ఆపరేషన్ అన్నారు. నా చెయ్యి పట్టుకుని, "నా పేరు తీస్కో బిడ్డా" అంది. "రోజు తీస్కుంట పెద్దమ్మా" అన్నాను. తర్వాత పెళ్లిళ్ల కాలం వచ్చిపడింది. హోటల్లో గదులన్నీ నిండి, ఆదివారాలు కూడా డ్యూటీ వేశారు. వరసగా ఆరేడు వారాలు మందిరానికి పోలేదు. సంచి మాత్రం పక్కింటామె చేతికిచ్చి పంపాను, నాలుగు గ్లాసులూ తప్పకుండా.

తిరిగి వెళ్లిన ఆదివారం పాస్టరమ్మ అందరి ముందు నన్ను లేపి నిలబెట్టి, మనిషి రాకపోయినా దేవుని వంతు ఆపలేదని మెచ్చుకుంది. ఉబ్బిపోయి వసారాలోకి వచ్చాను. పెద్దమ్మ చేట ముందు కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, "నీ ఆపరేషన్ గురించి రోజు ప్రార్థన చేస్తున్న పెద్దమ్మా" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "అయ్యి నెల దాటింది బిడ్డా."

ఆమె నా సంచి చేటలోకి ఒంపింది. "చేతికి ఎన్నడో అనుమానమైంది, గిప్పుడు కంటికి కూడ కనవడ్తుంది. వారం వారం గంతే బియ్యం, గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. మీ ఇంటికి చుట్టాలే రారా? ఎవ్వరికి జరమే రాదా?" అంతే. ఇంకో సంచి అందుకుంది.

కోపం వచ్చింది నాకు, దారి పొడవునా బండి మీద మా ఆయనకు వినిపించాను. బియ్యం బియ్యమే కదా, అందరికంటే ఎక్కువే ఇస్తున్నాను కదా, ముసలామెకు కళ్లు రాగానే తప్పులు వెతకడమేనా అని. ఆయన హెల్మెట్ లోపలి నుంచి ఊఁ కొట్టాడు. మర్నాడు నాకు సెలవు. ఎసరు పెట్టి, పంతానికి పిడికెడు బియ్యం తీసి డబ్బా మీద చెయ్యి చాపాను. ఎవరి పేరు తలవాలో తోచలేదు. పేర్లు తెలియక కాదు, తలిచి ఏం చెప్పాలో, ఎవరితో చెబుతున్నానో తెలియలేదు. ఎదుట ఎవరూ లేని గదిలో మాట్లాడబోతున్నట్టు ఉంది. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. చెప్పొద్దూ, హోటల్లో ఒకసారి ఉద్యోగం పోతుందన్నప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు.

పొయ్యి కట్టేసి, ఆటో పట్టుకుని తొండుపల్లి పోయాను. పెద్దమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను నోరు తెరిచే లోపే ఆమె అందుకుంది. "నిన్న జర గట్టిగ అన్ననా? మనసుల పెట్టుకోకు. దవాఖానల బల్ల మీద పండవెట్టినప్పుడు మస్తు బుగులైంది బిడ్డా. గప్పుడు నువ్వే యాదికొచ్చినవ్. పొయ్యి కాడ నిలవడి నా పేరు తీస్తుంటది గదా అనుకున్న. బుగులు పోయింది."

ఆ గంటలో నేను పెళ్లివారి తువ్వాళ్లు లెక్కపెడుతూ ఉండి ఉంటాను. ఏడుపు ఆగలేదు. "తియ్యలే పెద్దమ్మా. ఒక్కనాడు కూడ నీ పేరు తియ్యలే. రెండేండ్ల సంది ఎవ్వరి పేరు తియ్యలే" అన్నాను.

ఆమె చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. నన్ను తిడితే బాగుండునని కూడా అనిపించింది. చివరికి, "దేవుడైతే వచ్చిండు బిడ్డా. నువ్వే రాలే" అంది. అని, "ఇగ లే, బియ్యం కడుగు పో. ఇద్దరం తిందం" అంది.

లోపలికి వెళ్లి పిడికిలి పట్టాను. ఎవరి పేరూ రాక, నా పేరే చెప్పుకున్నాను.

పెద్దమ్మ ఇప్పుడు లేదు, ఆ చేట నా చేతికి వచ్చింది. ఆ రోజుతో అంతా సర్దుకుందని చెప్పలేను. ఆ తర్వాత కూడా ఎన్నో పూటలు పేరు లేకుండానే బియ్యం డబ్బాలో పడ్డాయి. ఆ రెండేళ్లలో ఇదిగో ఈ రోజు దూరమయ్యానని వేలు పెట్టి చూపించడానికి నాకు ఒక్క రోజూ దొరకదు. తిరిగి వచ్చిన రోజు ఏదంటే అదీ చెప్పలేను, పూటకింత చొప్పున ఇంకా వస్తూనే ఉన్నాను.