మా అత్తకు నిద్రపట్టకుండా చేసిన సినిమా

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, తాను చూసిన ఏదో కొత్త సినిమా గురించి జనం రాసిన అభిప్రాయాలను ఫోనులోంచి ఒక్కొక్కటే నాకు చదివి వినిపించింది. చేసిన తప్పును మనసులో దాచుకుని నిద్రకు దూరమైన ఒక మనిషి కథ అట అది. చూసినవాళ్ళలో ఒకరు లైటు ఆర్పడానికి భయమేసిందని, ఇంకొకరు ఆఖరి ఘట్టం అర్థంకాక మళ్ళీ మొదటినుంచీ చూశానని, మరొకరు ఇంత దిగులు కథ మాకెందుకని రాశారు. పిల్లకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం అంతగా రాదు కనుక హిందీలో ఉన్నవే చదివి, నడుమ నడుమ నాకు తెలుగు చేసి చెప్పింది. వీళ్ళందరూ ఎవరే అని అడిగితే, "పతా నహీ అమ్మమ్మా, ఎవరో" అంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అచ్చం అలాంటి సినిమానే నా చిన్న వయసులో ఇక్కడే, అండమాన్ పోర్టుబ్లెయిర్‌లోని మా జంగ్లీఘాట్‌లో ఒకటి చూశాం, చూసినవాళ్ళలో నాకు తెలియని ముఖం ఒక్కటీ లేదు. అంతేకాదు, ఆ సినిమా రాకపోయి ఉంటే ఈ మనవరాలే లేదు.

అప్పటికి నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా చేరి ఏడాదైనా కాలేదు. ఊహ తెలియకముందే అమ్మ పోయింది, నాన్న పడవ పని మీద ఎక్కడో ఉత్తరాన మాయాబందర్‌లోనే ఉండిపోయేవాడు, కాబట్టి నన్ను పెంచింది మా మేనత్త. ఆమె మొగుడిని సముద్రంలో పోగొట్టుకుంది, పిల్లలు లేరు. తెల్లారకముందే ఒడ్డుకెళ్ళి చేపలు వేలంలో పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని బజారుకెళ్ళి, వాటిని అమ్మి నన్ను ఇంటర్మీడియట్ దాకా చదివించింది. గొంతు విప్పితే జెట్టీ దాకా వినిపించేది. ఆమె ఎదట బేరం ఆడడానికి పోలీసులు కూడా కాస్త ఆలోచించేవాళ్ళు.

ఆ ఏడాదే, బస్సులో వెళ్ళివచ్చేంత దూరంలో ఉన్న చౌల్దారీ ఊరినుంచి నాకొక సంబంధం వచ్చింది. వక్కతోటల వాళ్ళు, కుర్రాడికి పోర్టుబ్లెయిర్‌లోనే వర్క్‌షాపులో పని. చూడవచ్చిన రోజున అతను టీ గ్లాసు అందుకుంటూ చొక్కా చేతికున్న గ్రీజు మరక కనపడకుండా ముంజేయి తిప్పి పట్టుకోవడం, నేనది చూశానని తెలిసి నవ్వెయ్యడం నాకెంతో నచ్చాయి. వాళ్ళకూ నచ్చినట్టే అనిపించింది. కానీ తర్వాత కబురు లేదు. వాళ్ళకు మనం ఆనలేదు కాబోలు అని అత్త తేల్చేసింది. నేనూ తల ఊపి, ఆఫీసులో టైపు మిషను మీద నా దిగులంతా తీర్చుకునేదాన్ని.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బియ్యం, ఉల్లిపాయల్లాగే సినిమా కూడా మనకు ఓడలోనే వచ్చేది. మా పక్కింటి బాబాయి మద్రాసు ఓడలో పనిచేసేవాడు, వచ్చినప్పుడల్లా వీడియో క్యాసెట్లు తెచ్చేవాడు. ఎవరిదగ్గరినుంచో టీవీ, వీసీఆర్ తెచ్చి ఆదివారం మధ్యాహ్నం వలలు బాగుచేసుకునే షెడ్డులో పెట్టి, వెలుతురు రాకుండా చుట్టూ టార్పాలిన్లు కట్టేవాళ్ళు. ఎండుచేపల వాసన, కొత్త వలల వాసన, ఆడవాళ్ళ తలల్లోని మల్లెల వాసన కలిసి ఊపిరాడేది కాదు, కానీ ఎవరూ బయటికి పోయేవాళ్ళు కాదు. ఆసారి బాబాయి కడుపుబ్బ నవ్వించే సినిమా తెచ్చానని వాడంతా చాటించాడు. తీరా చూస్తే డబ్బాలో వేరే క్యాసెట్టు ఉంది. ఇంగ్లీషు సినిమా. నవ్వు సంగతి దేవుడెరుగు, అందులో ఎండ కూడా సరిగ్గా కాయలేదు.

వచ్చిన జనం లేచిపోరు కదా. చదువుకున్నదాన్నని నన్ను టీవీ పక్కన కూర్చోబెట్టి కథ చెప్పమన్నారు. ఒక గడియారాలు బాగుచేసే అతను. ఏదో నేరం తాను చేసి, అది స్నేహితుడి మీద పడుతుంటే నోరు విప్పలేదు, స్నేహితుడు జైలుకు పోయాడు. ఆనాటినుంచి ఇతనికి నిద్ర లేదు. కొట్టులోని గడియారాలన్నీ చెవిలో కొట్టుకుంటూనే ఉంటాయి, అద్దంలో తన మొహం తనకే పరాయిగా కనిపిస్తుంది. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక సగం విని, సగం కల్పించి చెబుతుంటే, మా వాళ్ళు ఒక్క క్షణం ఊరుకుంటేనా! పక్కింటి పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెనకనుంచి ఎవరో "అరే భాయ్, సచ్ బోల్ దే!" అని, నిజం చెప్పెయ్యమని తెరమీది మనిషిని బతిమాలాడు. ఇంకెవరో ఆ గడియారాలన్నీ సముద్రంలో పారేయమని సలహా ఇచ్చాడు. నా మాట వినపడక "గట్టిగా సెప్పవే గుంటా, ఏటంతన్నాడాడు?" అని అరుపులు. మా అత్త మాత్రం నోరు మెదపలేదు. ఆమె ఊరుకుందంటేనే నేను అనుమానించవలసింది.

చివరికి అతను స్నేహితుడి తల్లి ఇంటికి వెళ్ళి తలుపు తడతాడు. ముసలామె తలుపు తీస్తుంది, ఇతను నోరు తెరుస్తాడు, అంతే, సినిమా అయిపోయింది! షెడ్డు దద్దరిల్లింది. క్యాసెట్టు తెగిందేమోనని బాబాయి వెనక్కి తిప్పి రెండోసారి వేశాడు. చెప్పాడా, చెప్పలేదా? అక్కడినుంచి వాడంతా రెండు పార్టీలైంది. కాళ్ళమీద పడుంటాడని పిన్ని, ముసలామె చెప్పక ముందే కనిపెట్టేసిందని బాబాయి. అత్తను అడిగితే, "ఏటీ సెప్పనేదు. మంచినీల్లడిగి తాగేసి ఎల్లిపోనాడు" అని కొట్టిపారేసింది.

మర్నాటినుంచి మా వాడలో కొత్త వేడుక మొదలైంది. మనసులో తప్పున్నవాడికే నిద్రపట్టదని సినిమాలో చూశారు కదా, ఇక అందరూ తమ నిద్రను పదిమందికీ చూపించుకోవడమే పని. మగవాళ్ళు పట్టపగలు బోర్లించిన పడవల నీడలో గుర్రుపెట్టి పడుకునేవాళ్ళు. అంతకుముందు మొగుడి గురకకు తలకొట్టుకునే పిన్ని, ఇప్పుడు మా ఆయనది ఎంత శుద్ధమైన మనసో వినండని గొప్పలు పోయింది. కుళాయి దగ్గర ఎవరైనా ఆవులిస్తే, ఏం తప్పు చేశావో చెప్పమని చుట్టూ మూగేవాళ్ళు. ఆ ఒత్తిడికి తట్టుకోలేక ఒకాయన ఎప్పుడో అడిగి తీసుకుని మరిచిపోయినట్టు నటించిన లంగరు తాడు తెచ్చి ఇచ్చేశాడు. ఒకావిడ, పొరుగింటి కరివేపాకు మొక్కను తిన్నది తన మేకేనని ఒప్పుకుంది. అందరూ పడీపడీ నవ్వారు.

నవ్వనిది మా అత్త ఒక్కతే. కళ్ళు ఎర్రబడ్డాయి, బజారులో బేరం తప్పుతోంది, అన్నం కలిపి చెయ్యి కడిగేసుకుంటోంది. మా రెండిళ్ళకూ నడుమ చెక్కగోడే కనుక పిన్ని కనిపెట్టేసింది. "అప్పా, రేత్రంతా నీ మంచం సప్పుడే. మేక నీది కూడానా ఏటి?" అని కుళాయి దగ్గర అడిగితే, ఎప్పుడూ ఒకటికి పది అప్పజెప్పే మనిషి బిందె కూడా నింపుకోకుండా ఇంటికి వచ్చేసింది.

ఆ తర్వాతి సెలవురోజు మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆడు సెప్పేసినాడే," అంది ఉన్నట్టుండి.

"ఎవడత్తా?"

"ఆ గడియారాలోడు. ఆ ముసిల్దానికి సెప్పేసినాడు. సెప్పకపోతే ఎలా బతుకుతాడు?" అని, చేటలోని బియ్యం వైపే చూస్తూ, "నాను కూడా నీకొకటి సెప్పాల" అంది.

చౌల్దారీ వాళ్ళు కబురు పంపకపోవడం కాదు. పంపారు. పిల్ల నచ్చింది, ముహూర్తం పెట్టుకుందామన్నారు. పిల్లకు శ్రీకాకుళంలో మేనబావతో ఎప్పుడో ఖాయమైందని అత్తే అబద్ధం చెప్పి వెనక్కి పంపేసింది. "నువ్వెల్లిపోతే ఈ ఇంట్లో నాను ఒక్కద్దాన్నీ ఏటి సేస్తాను?" అంది. అంత పెద్ద గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు.

కోపం రాలేదంటే అబద్ధమే. చేట అక్కడే పారేసి ఒడ్డుకు పోయి కూర్చున్నాను. వాన మొదలైంది. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, నాకోసం గొడుగు తెచ్చి, దగ్గరికి రావడానికి ధైర్యం చాలక, ఆ గొడుగు చంకలో పెట్టుకునే నిలువునా తడుస్తూ నిలబడి ఉంది మా అత్త. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గొడుగు నేనే తీసి తెరిచాను.

మర్నాడు ఆమె మంచి చీర కట్టుకుని, ఎండు నెత్తళ్ళ చేపలు మూట కట్టుకుని చౌల్దారీ బస్సెక్కింది. నేనూ వస్తానంటే, తప్పు నాదైతే నువ్వెందుకంది. అప్పటికే ఆ కుర్రాడికి ఇంకో సంబంధం మాటల్లో ఉందని విన్నాం. ఆరోజు ఆఫీసులో నేను ఏం టైపు చేశానో, మా హెడ్‌క్లర్కు దాన్ని ఎన్నిసార్లు చింపించాడో చెప్పనక్కర్లేదు. సాయంత్రం బస్‌స్టాండుకు పరుగెత్తాను. అత్త దిగింది. మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. ఆమె వెనకే, కొంగులో నవ్వు దాచుకుంటూ, కుర్రాడి తల్లి దిగింది.

"ముందే అడగాల్సింది కదా దీదీ!" అంటోంది ఆవిడ. "మా వోడు రోజూ ఈ బస్సుల్లో తిరగలేక సస్తన్నాడు. పెళ్ళయ్యాక మీ ఇంట్లోనే ఉంచుకోమని మేమే అడుగుదామని వొచ్చినాం, సిగ్గేసి అడగలేకపోనాం!"

అత్త నడిరోడ్డు మీద కూలబడి నవ్వింది. ఆటోవాళ్ళు హారన్లు కొట్టినా లేవలేదు. ఆ ఇంకో సంబంధం మాటల దగ్గరే ఆగిపోయిందట. మర్నాడు కుళాయి దగ్గర పిన్ని మొదటి ప్రకటన ఏమిటంటే, అప్ప గురకకు తమ ఇంట్లో చంటిది ఉలిక్కిపడి లేచిందని!

పెళ్ళికి బాబాయి ఈసారి నిజంగానే నవ్వుల సినిమా తెచ్చి వేశాడు గానీ దాన్ని చూసినవాడు లేడు. అందరూ పెళ్ళికొడుకును చుట్టుముట్టి, ఆ గడియారాలతను చెప్పాడో లేదో తేల్చమన్నారు. ఆయన ఆ సినిమా ఎన్నడూ చూడలేదు. కానీ ఇన్ని నోళ్ళ విన్నాక, తానే చూసినట్టు చివరిదాకా వాదించేవారు. అత్త మాతోనే ఉండి, మా పిల్లలకు తన నోటితో అదే కథ చెప్పి, ప్రతిసారీ ముసలామె చేత అతనికి చేపల పులుసు పెట్టించి మరీ ముగించేది.

ఇప్పుడు అత్త లేదు, ఆయనా లేరు. మా వరసలో చెక్క ఇళ్ళన్నీ పోయి మేడలొచ్చాయి, మంచిదే, వానకు కారవు, చెదలు పట్టవు. ఏసీల కోసం కిటికీలు బిగించుకుంటారు, ఎవరి గదిలో వాళ్ళు ఎవరి సినిమా వాళ్ళు చూసుకుంటారు. పొరుగువాళ్ళు ఎదురైతే నమస్తే ఆంటీ అని మర్యాదగానే పలకరిస్తారు. ఎవరి కళ్ళన్నా ఎర్రగా కనిపిస్తే, ఏం తప్పు చేశావని ఆటపట్టించాలని నాలుక చివరిదాకా వస్తుంది, కొత్తవాళ్ళు ఏమనుకుంటారోనని ఆగిపోతాను. గోడకు అటువైపు ఎవరు హాయిగా పడుకున్నారో, ఎవరు కళ్ళు తెరుచుకుని దొర్లుతున్నారో, చెవి ఆనించి విన్నా ఇప్పుడు నాకు తెలియడం లేదు.