అక్క చెప్పింది, నేను రాయలేదు

తొమ్మిదేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అరకు పక్కన కొండ మీది ఊరు. అడవి పలచబడుతోందని ఊరంతా కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాం. ఏ వాలులో ఏ చెట్టు, ఏ దుంప, ఏ పిట్ట ఉన్నాయో పుస్తకంలో రాయాలి. అది చూసి ఏ వాలు నరకకూడదో, ఎక్కడ పశువుల్ని తోలకూడదో తేల్చుకోవాలి. ఊళ్లో ఇంటర్ చదివిన కోడలిని నేనొక్కదాన్నే, కలం నాకిచ్చారు. చెప్పేది మాత్రం మా పెద్ద తోడికోడలు, అక్కా అని పిలుస్తాను. ఆమెకు అక్షరం రాదు. ఆకు నలిపి వాసన చూసి పేరు చెప్పేది. వచ్చిన ఫారెస్టు ఆఫీసర్లు ఆమె పక్కనే చాప మీద కూర్చునేవారు. నా వైపు చూసినా, ఆమె మాట రాశానో లేదో అనే. ఓ రోజు నా భర్త కూడా, వదిన లేకపోతే ఈ పని అయ్యేదే కాదన్నాడు. నా భర్త! ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమె నాకేం చేసింది? ఏమీ చేయలేదు.

మర్నాడు నన్ను గెడ్డ వాగు పైవాలుకు తీసుకెళ్లి ఎర్రకాడ దుంప చూపించింది. తిండి లేని ఏడు వాళ్లమ్మ దానితోనే పిల్లల్ని బతికించిందట. చుట్టుపక్కల ఇంకెక్కడా లేదట.

"ఇది మర్సిపోకు. రాసేవేటి గుంటా?"

"రాసేనక్కా."

రాయలేదు. ఆమె నా చేతినే చూస్తోంది. పై వరసలోని పేరునే మళ్లీ రాశాను.

పుస్తకం ఊరికి చదివి వినిపించిన రోజు అక్క లేదు. తల్లికి జబ్బని పాచిపెంట వెళ్లింది. చదివింది నేనే. పుస్తకంలో ఆ దుంప లేదు గనక పైవాలును కాఫీ తోటకు వదిలేశారు. ఆమె తిరిగొచ్చేసరికి తుప్పలన్నీ కొట్టి, నేలంతా తవ్వేశారు.

అక్క సభలో అడిగింది. పుస్తకం తిరగేశారు. లేదు. చెప్పడం మరిచిపోయావులే అన్నారెవరో. ఆమె నా వైపు చూసింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు పెగల్లేదు. కాదు, నేనే పెగలనివ్వలేదు. ఆమే, "నాను సెప్పనేదేటో" అంది. ఆ తర్వాత సభల్లో మాట్లాడటం మానేసింది. రెండు వానాకాలాలు ఆ దుంప కోసం కొండలన్నీ తిరిగింది. దొరకలేదు.

మిగతా వాలులు పచ్చబడ్డాయి. ఇప్పుడు ఎవరొచ్చినా నన్నే అడుగుతారు. నేను చెప్పేవన్నీ ఆమె దగ్గర విన్నవే. మొన్న ఓ ఆకు పేరు గుర్తురాక తడబడితే, వెనక నుంచి మెల్లగా అందించింది. కృతజ్ఞత కలగాలి కదా? ఒళ్లు మండింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. కానీ మరిచిపోయింది అక్క కాదు. నేనే రాయలేదు. ఈ రెండు ముక్కలూ ఇన్నాళ్లకు నా చేత్తో కాగితం మీద పెట్టాను.