రెండు మెట్లు పైన

మా మొదటి ఆల్బమ్ మీరు విని ఉండరు. వినకపోతే నష్టం మీదే.

మాది గిటార్ లేని రాక్ బ్యాండ్. ఉన్నది ముగ్గురం. జమ్మలమడుగు చర్చిలో కీబోర్డు వాయించే నేను, పులివెందుల పెళ్ళిళ్ళలో డ్రమ్స్ కొట్టే లింగాల ఊరి రైతు ఒకడు, మా చిన్నాన్న కూతురు. ఆమె పెద్దముడియంలో టీచరు, పాడేది ఆమే. మేము చేసేది ప్రోగ్రెసివ్ రాక్. అంటే పాట పావుగంట సాగినా అడిగేవాడుండడు, మధ్యలో తాళం మారుతుంది, నడక మారుతుంది. వేరే బ్యాండ్లలో గిటార్ చేసే పని కూడా నా రెండు చేతులే చేస్తాయి.

ప్రొద్దుటూరులో మేము రికార్డు చేసిన స్టూడియో యజమానికి ఇది మింగుడు పడలేదు. భక్తి పాటలు, ఎన్నికల పాటలు చేసే మనిషి.

"గిటార్ లేకుండా రాక్ ఏంది మామా? కారం పూయని దోశ మాదిరి ఉంటాది."

నాకు ఒళ్ళు మండింది. "ముందు తిని చూడప్పా," అన్నాను.

చివరి పాట ఒక్కటే మిగిలింది. పెన్న ఏరు మైలవరం డ్యామ్ దగ్గర ఆగి, గేట్లెత్తగానే ఉరికే పాట. నీళ్ళు దూకే చోట చెల్లెలు పై స్వరానికి వెళ్ళాలి. అక్కడికి రాగానే ఆమె గొంతు బిగుసుకుపోయేది. చర్చిలోనూ అంతే, ఎప్పుడూ వెనక వరసలో, నలుగురి గొంతుల చాటున పాడేది.

"నా వల్ల కాదులే అన్నా, ఆ ముక్క తీసేయ్," అంది.

ఆ ముక్క పోతే నాకు ఆల్బమే లేదు. "ఆదివారం ఒక్కసారి చూద్దాం. కాకుంటే తీసేస్తా," అన్నాను.

మా చర్చిలో పాట ఎత్తుకునేది మనుషులు, కీబోర్డు కాదు. ఎవరికి తోచిన శ్రుతిలో వాళ్ళు మొదలుపెడతారు. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి శ్రుతిని ఒక్కో మెట్టు పైకో కిందికో జరిపి వాళ్ళను పట్టుకోవడం నా పని. ఆ ఆదివారం ఒక పెద్దమ్మ బాగా పైనుంచి ఎత్తుకుంది. రెండు మెట్లు పెంచాను. ఆరాధన కాగానే కీబోర్డు బస్సులో వేసుకుని ప్రొద్దుటూరు పరుగెత్తాను. నా పాత కీబోర్డు ఆపేసినా అమరిక మరిచిపోదు. నేను మరిచిపోయాను.

పాట మొదలైంది. ఏదో కొత్త వెలుగు వచ్చినట్టు అనిపించింది గానీ ఎందుకో తట్టలేదు. గేట్లెత్తే చోటు వచ్చింది. చెల్లెలు కళ్ళు మూసుకుంది. గొంతు ఎగిరింది, నిలబడింది, దిగమన్నా దిగలేదు. డ్రమ్స్ రైతు పాట కాగానే పుల్లలు పైకి విసిరేశాడు.

యజమాని నా కీబోర్డు కేసి చూసి నోరు తెరిచాడు. "మామా, ఇది రెండు మెట్లు పైన ఉండాది గదా!"

అందుకోలేనన్న స్వరాన్ని దాటి రెండు మెట్లు పైన పాడిందని చెల్లెలికి చెప్పాను.

"అబద్ధాలు చెప్తాండావు," అంది. మళ్ళీ వినిపించాం. తన గొంతు తానే విని, నేలమీద కూలబడి నవ్వుతూ ఏడ్చింది. నాకు గుండె నిండిపోయింది.

"కారం బాగానే పడిందిలే," అన్నాడు యజమాని.

ఆల్బమ్ వచ్చాక ఎంతమంది విన్నారని అడగొద్దు. తర్వాతి ఆదివారం సంగతి మాత్రం చెప్తాను. పాట ఎవరు ఎత్తుకుంటారా అని అందరం చూస్తున్నాం. వెనక వరసలోంచి ఒక్క గొంతు లేచింది. తిరిగి చూస్తే మా చెల్లెలు.

మూడు మెట్లు పెంచితే గానీ ఆమెను పట్టుకోలేకపోయాను.